హేమలత కమ్మీ, మా ఊరి ఉట్లమాను

గోకులాష్టమికి మా పుంగనూరులో చివర ఉట్టి కట్టిన ఉట్లమాను ఎక్కే మగవాళ్లను చూడాలి. ఒంటిమీద చెడ్డీ తప్ప ఏమీ ఉండదు. మానుకు జిగటమట్టి పూస్తారు, నీళ్లు కొడతారు, జారి ఒకడి మీద ఒకడు పడతారు. దాన్ని భక్తి అంటారు. హేమలత నిక్కరు వేసుకుని స్టీలు కమ్మీ ఎక్కితే మాత్రం సిగ్గులేనితనం అన్నారు.

ఆమెది కుప్పం. అమ్మానాన్నలు గ్రానైటు క్వారీలో కూలీలు. రోజూ రైల్లో బెంగళూరు పోయి ఉద్యోగం చేస్తూ, అక్కడే పోల్ డాన్సు నేర్చుకుంది. ఇంత మంచి విద్య ఆ ఊరివాళ్లకేనా అని ఉద్యోగం మానేసి వచ్చి, మా బజారువీధిలో మేడ మీద గది తీసుకుని, నేల నుంచి కప్పు దాకా రెండు కమ్మీలు బిగించింది. పదకొండుమంది ఆడవాళ్లం చేరాం. నేను బడిలో లెక్కలు చెప్తాను. తులసమ్మ పాలకేంద్రంలో పనిచేస్తుంది. నిక్కరు ఎందుకంటే, గుడ్డ జారిపోతుంది, చర్మానికే పట్టు దొరుకుతుంది అని హేమలత చెప్పింది. యాభై దాటిన తులసమ్మ మొదటిసారి నేల వదిలి గిర్రున తిరిగిన రోజు హేమలత ఏడ్చేసింది.

ఊరి పెద్దలకు నిద్రపట్టలేదు పాపం. గది యజమాని సుబ్బరాయుడు, ఉట్ల కమిటీ పెద్ద కూడా ఆయనే, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. హేమలత వేరే గది కోసం మదనపల్లెలో మూడుచోట్ల అడిగింది. డాన్సు పేరు వినగానే తలుపులేశారు. ఈ గది పోతే ఆమె క్లాసు పోయినట్టే.

అప్పటికి ఉట్లకు ఇంకా నెలన్నర ఉంది. మూడేళ్లుగా మా ఊరి జట్టు సగం మాను దాటలేదు, పొరుగూరి వాళ్లే ఉట్టి కొట్టుకుపోతున్నారు. సుబ్బరాయుడు మనిషిని పంపాడు. కుర్రాళ్లకు ఎక్కడం నేర్పాలట, తన మామిడితోటలో, ఎవరికీ తెలియకుండా. నేర్పితే గది ఉంచుకోవచ్చట.

హేమలత నేరుగా ఆయన ఇంటికే పోయింది. తోడు నేనూ పోయాను.

"నేర్పిస్తానప్పా. తోటలో కాదు, నా రూముకే పంపించు, పట్టపగలు. మా ఆడోళ్ల పక్కనే నేర్సుకోవాల."

ఆయన మీసం దువ్వాడు, మెడ గోక్కున్నాడు, చివరకు సరేనన్నాడు.

ఆరుగురు వచ్చారు. వాళ్లలో ఇద్దరి ఈలలు మాకు బాగా తెలుసు, రోజూ మెట్ల కింద వినేవే. తులసమ్మ అంకెలు లెక్కపెడుతుంటే ఒక్కడూ పది దాకా వేలాడలేకపోయాడు. నాకు కడుపు నిండింది. హేమలత మాత్రం నవ్వలేదు. ఆ ఈలలు వేసినవాళ్ల కాళ్లు కూడా తన చేత్తో సర్ది, నెలరోజులు ఓపికగా నేర్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఉట్ల రోజు మా జట్టువాడు మాను చివరకంటా ఎక్కి ఉట్టి కొట్టాడు. సుబ్బరాయుడు మైకు పట్టుకుని పుంగనూరు మగతనాన్ని అరగంట పొగిడాడు. హేమలత పేరు ఎత్తలేదు. ఆమె గది ఆమెకు దక్కింది, అదే పెద్ద సన్మానం అనుకున్నాడు కాబోలు.

ఆ మాటలు విన్నావా అని ఆమె వైపు తిరిగాను. ఆమె వినడం లేదు. మాను దిగుతున్న ఆ కుర్రాడి కాళ్లనే చూస్తోంది.

"దిగేటప్పుడు మోకాలి పట్టు వదిలేస్తాండాడక్కా," అంది. "రేపు మళ్లా సెప్పాల."