దరఖాస్తుకు జతపరిచిన ఉత్తరం

1984 జులైలో నాకు హాస్టల్ సూపరింటెండెంటుగా అదనపు బాధ్యత అప్పగించారు. రాయపూర్‌లోని ఒక ప్రభుత్వ మహిళా కళాశాలలో అప్పటికి పదకొండేళ్ళుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఆర్డరులో "తదుపరి ఆదేశాల వరకు" అని ఉంది. ఆ ఆదేశాలు రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మాది డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే కుటుంబం. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. రూలంటే రూలే అనే మాట వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఆ కుర్చీకి నేను సరిపోతానని ప్రిన్సిపాల్ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

సూపరింటెండెంటు పనంటే పిల్లల్ని కసురుకోవడమని బయటివాళ్ళ ఊహ. నిజానికి అది రిజిస్టర్ల పని. సాయంత్రం ఆరింటికి గేటు మూయించి హాజరు పిలవాలి. లేనివాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో రాయాలి. ఎవరైనా హాస్టల్ వదిలి బయట గది తీసుకోదలిస్తే హిందీలో అచ్చువేసిన మూడు భాగాల దరఖాస్తు ఉండేది. మొదటి భాగంలో విద్యార్థిని విన్నపం, రెండో దాంట్లో తండ్రి అంగీకార సంతకం, మూడో దాంట్లో నా సిఫార్సు. దాని మీద ప్రిన్సిపాల్ ఆర్డరు వేస్తే ఆ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లకు పోతుంది. ఆ ఏడాదికి ఇక తిరిగి రాదు.

ఆగస్టు మొదట్లో బీఎస్సీ రెండో సంవత్సరం అమ్మాయిలిద్దరు ఆ దరఖాస్తు కోసం వచ్చారు. ఒకరు పుష్ప, ఛత్తీస్‌గఢీ పిల్ల. రెండోది వరలక్ష్మి, మన తెలుగమ్మాయి. వరలక్ష్మికి ఫిజిక్సు పోయింది. సెప్టెంబరులో సప్లిమెంటరీ రాయాలి. అదీ పోతే చదువు మాన్పిస్తానని తండ్రి ముందే చెప్పాడట. రిటైరైన మాస్టారొకరు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ట్యూషన్ చెప్పేవారు. మా గేటు ఆరింటికే మూస్తాం. అంతకు పది రోజుల ముందే ఆమె ఔట్‌పాస్ అడిగింది. ఒకరికిస్తే నలభైమంది అడుగుతారని నేను కాదన్నాను. పుష్పకూ ఆ ట్యూషనే కావాలి. అందుకే ఇద్దరూ కలిసి గది వెతుక్కున్నారు. ఉండాలా వెళ్ళాలా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డామని పుష్ప చెప్పింది. హాస్టల్లో భద్రత ఉంది, బయట ట్యూషన్ ఉంది. చివరికి ట్యూషన్ వైపే మొగ్గారు.

నేను స్వయంగా వెళ్ళి ఆ గది చూసి వచ్చాను. టాటీబంధ్ వెళ్ళే దారిలో, ప్రభుత్వ క్వార్టర్లున్న సందులో, రిటైరైన నర్సు ఇంటి మేడ మీద. మాస్టారి ఇంటికి ఐదు నిమిషాల నడక. నాకు నచ్చింది. సిఫార్సు రాసేశాను.

వరలక్ష్మి తండ్రి అప్పలస్వామి తిల్దాలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ మిస్త్రీ. శ్రీకాకుళం వైపు పల్లెలో నాలుగో తరగతి దాకా చదివాడు. తెలుగు చదవగలడు గానీ హిందీ అక్షరం రాదు. కూతురిది ముందు నుంచీ హిందీ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఈ సంగతి తెలిసి నాలో తెలుగు అభిమానం పొంగింది. తండ్రికి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించడం తప్పనిపించింది. దరఖాస్తుతోపాటు తెలుగులో ఒక ఉత్తరం కూడా పంపుతానన్నాను.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "వద్దు మేడం. ఫారం ఒక్కటే పంపండి. మున్షీజీ చదివి చెప్తారు, నాన్న సైన్ చేసేస్తారు. హర్ సాల్, ప్రతీ ఏడూ అలాగే అవుతాది" అంది. మిల్లు గుమాస్తా చెబితే చాలా, కన్నతండ్రికి తెలుసుకునే హక్కు లేదా అని నేను పావుగంట క్లాసు పీకాను. ఆమె తల దించుకుని వింది.

ఆ ఉత్తరం ఒక పేజీన్నర. గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా రాశాను. ఫారంలో గది చిరునామా రాసే గడే లేదు. నేను మాత్రం పూసగుచ్చినట్టు టాటీబంధ్ దారి అని, నర్సుగారి మేడ అని, రాత్రి ఏడున్నర దాకా ట్యూషన్ అని అన్నీ రాశాను. కవరు అంటించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

నాలుగో రోజు పొద్దున పాసింజరులో అప్పలస్వామి దిగాడు. ఉతికిన చొక్కా, జేబులో నా ఉత్తరం. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "టాటీబంధ్ నాకు తెల్దా అమ్మా? మా మిల్లు లారీలన్నీ అక్కడే ఆగుతాయి. డ్రైవర్లు తాగి పడుంటారు. అక్కడ ఆడపిల్ల రాత్రి ఏడున్నరకి నడుస్తాదా?" అన్నాడు.

ఇల్లు లారీలాగే ఆ చౌరస్తాకు దూరమని, నేను చూసి వచ్చానని చెప్పాను. ఆర్డరు ఇంకా పడలేదు, హాస్టల్ సీటు అలాగే ఉందన్నాను. చివరికి ఔట్‌పాస్ ఇస్తానని కూడా అన్నాను. పది రోజుల ముందు నోటికి రాని మాట అప్పుడు వచ్చింది. ఆయన వినలేదు. బయటికి పోవాలని ఒకసారి అనుకున్న పిల్ల మళ్ళీ అనుకుంటుందన్నాడు. టీసీ ఇమ్మన్నాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు. "మీరు తెలుగులో రాయబట్టి తెలిసింది. నేకపోతే నాకెవలు సెప్తారమ్మా? మీ మేలు మర్చిపోను."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

టీసీ కావాలంటే లైబ్రరీ, ల్యాబు, హాస్టల్ మూడుచోట్లా నో డ్యూస్ సంతకాలు తేవాలి. ల్యాబు బాధ్యత కూడా నాదే కాబట్టి ల్యాబుకూ హాస్టల్‌కూ సంతకం పెట్టేది నేనే. వరలక్ష్మి ఒకే కాగితంతో నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ తెలుగే నడిచేది. ఆ రోజు మాత్రం హిందీలో "మేడం, యహాఁ సైన్ కర్ దీజియే" అంది, రెండుసార్లూ అదే మాట. ట్రంకు పెట్టె తండ్రి మోశాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

పుష్ప ఫారం వారంలో సంతకమై వచ్చింది. ఆమె మరో అమ్మాయితో కలిసి ఆ మేడ మీదే రెండేళ్ళుండి డిగ్రీ పూర్తి చేసింది. ఏ ఇబ్బందీ రాలేదు.

సెప్టెంబరులో సప్లిమెంటరీ పరీక్షకు నాకు ఇన్విజిలేషన్ పడింది. టీసీ తీసుకునేలోపే వరలక్ష్మి పరీక్ష ఫారం యూనివర్సిటీకి వెళ్ళిపోయింది కాబట్టి బెంచీ మీద ఆమె నంబరు అతికించి ఉంది. మొదటి అరగంట గడిచాక గైర్హాజరు పట్టీ నింపాలి. నింపాను. అదే గుండ్రటి చేతిరాత.

ఫారం ఎందుకు అంత పొడిగా ఉంటుందో ఆ ఏడాది నాకు అర్థమైంది. అడిగినంతే చెప్పడంలో కూడా ఒక రక్షణ ఉంది. తండ్రి హక్కు గురించి అంత మాట్లాడిన నేను, ఆ తండ్రిని పద్దెనిమిదేళ్ళుగా ఎరిగిన పిల్ల వద్దంటే ఎందుకు వద్దంటోందని అడగలేదు. ఆ తర్వాత ఏ విద్యార్థిని ఇంటికి ఉత్తరం రాసినా, ముందు ఆ పిల్లను కూర్చోబెట్టి పైకి చదివి వినిపించేదాన్ని. అలా చదివి పోస్టు చేయకుండా ఆపేసినవి మూడు ఉన్నాయి. మూడూ తెలుగులో రాసినవే.