దసరా పూజలో రైఫిల్

మిసెస్ హేల్ పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది మా అమ్మాయి వసుధ. ఆ ఉదయం కుట్టుమిషనుకు నూనె వేస్తున్నాను. ఫోన్ పెట్టేశాక ఎంతసేపు కడుక్కున్నా వేళ్ళకు ఆ వాసన పోలేదు. ఇనుము కలిసిన ఆ వాసనతోనే, వెనక వరండాలో ఒళ్ళో పాతగుడ్డ పరుచుకుని కూర్చున్న ఆవిడ కళ్ళముందుకు వచ్చారు. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మేము నార్త్ కరోలినాలో, క్యారీ ఊరి చివర పొలాల పక్కన అద్దెకుండేవాళ్ళం. పిలిస్తే పలికే దూరంలో ఉన్నది మిసెస్ హేల్ ఇల్లొక్కటే. భర్త పోయి, ఒంటరిగా ఉండేవారు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే తెలుగూ లెక్కలూ నేర్పారు. ఇంగ్లీషు మాత్రం ఈవిడ దగ్గర, బీన్స్ ఈనెలు తీస్తూ నేర్చుకున్నాను. తప్పు మాట్లాడితే నవ్వేవారు కాదు. సరైన మాటను తన మాటల్లో ఒకసారి వాడి ఊరుకునేవారు.

ఒక ఆదివారం మేము లేనప్పుడు ఎవరో వెనక తలుపు పగలగొట్టారు. మావారేమో ఉద్యోగం మీద తరచూ ఊళ్ళు తిరిగేవారు. భయపడి, తుపాకుల షాపుకు వెళ్ళి, ఫారం నింపి, పొట్టి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి కొనుక్కొచ్చారు. తేలికగా ఉంటుంది, ఒకటి పేలగానే రెండో తూటా దానంతటదే లోపలికి ఎక్కుతుంది అని షాపాయన చెప్పాడట. మావారు రెండుసార్లు పేల్చి చూసి క్లోజెట్ పై అరలో పెట్టారు. నేను ముట్టుకోలేదు.

ఆ ఏడు ఆయుధపూజకు కారు తాళాలు, కత్తిపీట, మావారి పనిముట్లతో పాటు దాన్నీ పీట మీద పెట్టారు. నేను జంకుతుంటే, "తూటాలుండే మేగజీన్ తీసేశాను కదా, ఖాళీయే. బొట్టు పెట్టు" అన్నారు. పసుపు కుంకుమలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. నాలుగేళ్ళ వసుధ ఎదురుగా కూర్చుని దాని మీద పూరేకులు చల్లుతోంది.

పూజ చూడమని పిలిచిన మిసెస్ హేల్ గుమ్మంలోనే ఆగిపోయారు. పీటను చూశారు, పాపను చూశారు. తన వంటింట్లో మరిచిపోయిన కేకు తెమ్మని వసుధను వాళ్ళ నాన్నతో బయటికి పంపారు. అప్పుడడిగారు, దాన్ని తెరిచి చూశారా అని. ఖాళీయేనట అన్నాను. పూజలో పెట్టినదాన్ని రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదని కూడా చెప్పాను.

ఆవిడ బూట్లు విప్పారు. సింకు దగ్గర చేతులు కడుక్కొచ్చి పీట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఇది మీ దేవుడి చోటు, హనీ. నువ్వు ఒప్పుకోకపోతే చెయ్యి వెయ్యను. పాపను మాత్రం ఈ గదిలోకి రానివ్వను."

కదిపితే ఏ అరిష్టమో అని ఒకవైపు, ఆవిడ ముఖం ఒకవైపు. అమ్మవారికి మనసులోనే చెప్పుకుని, తియ్యండి అన్నాను.

గొట్టాన్ని ఎవరూ లేని మూలకు తిప్పి, పక్కనున్న పిడిని వెనక్కి లాగారు. తూటా ఒకటి ఎగిరి అక్షింతల పళ్ళెంలో పడింది. మేగజీన్ తీసినా, అంతకుముందే లోపలికి ఎక్కినది అక్కడే ఉండిపోతుందని మా ఇద్దరికీ తెలియదు.

మావారు వచ్చి పళ్ళెంలోని తూటాను చూశారు. రేపే అమ్మేస్తానన్నారు. ఆవిడ దాన్ని తెరిచి ఉంచే మళ్ళీ పీట మీద పెట్టి, పువ్వు సర్దారు. అమ్మడం, ఉంచుకోవడం మీ ఇష్టం, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మాత్రం ఈ అమ్మాయికి దీని సంగతి తెలిసుండాలి అన్నారు, నన్ను చూపించి.

నెల రోజులు తన వరండాలో నేర్పారు. తెరవడం, కళ్ళతో చూడడం, చిటికెనవేలు పెట్టి తడమడం, ఒళ్ళో పాతగుడ్డ పరుచుకుని నూనె వేసి తుడవడం. తను చూసి నా చేతికిచ్చాక నేను మళ్ళీ తెరవకపోతే వెనక్కి తీసుకునేవారు.

"మీరిప్పుడే చూశారు కదా" అన్నానొకసారి.

"నేను చూశాను. నువ్వు చూశావా?"

ఆ తర్వాతే మట్టిదిబ్బ మీద ఖాళీ డబ్బా ఒకటి పెట్టి పేల్చనిచ్చారు. భుజం అదిరింది, డబ్బా కదల్లేదు. "ఆ డబ్బా నీకు చాలా రుణపడింది" అని పగలబడి నవ్వారు.

రెండేళ్ళకు వేరే రాష్ట్రంలోని ప్లెయిన్స్‌బరోకు ఇల్లు మారేటప్పుడు దాన్ని అమ్మేశాం. దైవం దయ వల్ల ఎవరి మీదా గురిపెట్టే అవసరం రాలేదు. ఇప్పటికీ మందు సీసా అయినా, ఒకరి మీద విన్న మాట అయినా, స్వయంగా చూడనిదే నమ్మను. అది ఆవిడ పెట్టిన భిక్ష. ప్రాణభయం ఎదుట ఉన్నా చేతులు కడుక్కుని, నా అనుమతి కోసం మోకాళ్ళ మీద ఆగిన ఆ నిదానం మాత్రం నాకింకా రాలేదు. నేర్చుకుంటున్నాను.

ఆవిడకు పిల్లల్లేరు. వసుధకు ఇద్దరు. మీరు ఏ దేవుడి ముందు నిలబడినా, మిసెస్ హేల్ అన్న పేరు ఒక్కసారి తలచుకోండి. ఆవిడను తలచుకునే ఇల్లు మాదొక్కటే అయితే చాలదనిపిస్తోంది.