దమ్ తీస్కోనియ్యి

మొన్న మంగళవారం పొద్దున బాబుపేట్ నుంచి ఫోన్ వచ్చింది. బండ్లు బాగుచేసే మేస్త్రీ కాక పోయాడు. ఆయన భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె, ఏడవలేదు. "చాయ్ తాగిండు, కుర్చీల ఒరిగిండు బిడ్డా. దమ్ము లేవలే. నిమ్మలంగ పోయిండు" అంది. రెండేళ్లుగా ఆయన ఒక్కో ఊపిరి కోసం పడిన పాట్లు చూసినవాణ్ని. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, నిశ్చింత. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు, పక్కింటి గోడసంబంధం. మా నాన్న, ఆయన తెలంగాణ నుంచి బొగ్గు గనుల పనికని ఒకే బస్సులో ఈ మరాఠీ గడ్డకు వచ్చారు. నాన్న గనిలోకి దిగాడు, కాక బండ్ల కిందికి దూరాడు.

దమ్ అనే ఒక్క మాటతో కాక సగం లోకాన్ని చెప్పేసేవాడు. బండి లాగకపోతే దమ్ లేదు. మనిషి ఆయాసపడితే దమ్ము. ఎత్తెక్కిన బండి ఇంజన్‌ను వెంటనే ఆపితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "గంత ఎత్తు ఉరికొచ్చింది, జర దమ్ తీస్కోనియ్యి. నువ్వైతే ఉరికొచ్చి ముక్కు మూసుకుంటవా?" అనేవాడు.

తొంభైల చివర్లో మా వైపు టర్బో బండ్లు కొత్త. ఇంజన్‌లోకి గాలిని బలంగా దట్టించే చిన్న చక్రం టర్బో; ఎత్తెక్కి కాగినప్పుడు ఇంజన్‌ను కాసేపు ఊరికే నడవనివ్వకుండా ఆపితే అది మాడిపోతుంది. నేనొక కాంట్రాక్టరు సేటు దగ్గర అలాంటి జీపు నడిపేవాణ్ని. ఒకరోజు జివతి గుట్ట ఎక్కుతుంటే జీపు నల్లపొగ కక్కి చతికిలబడింది. వారం రోజులుగా గుట్టెక్కగానే తాళం తిప్పి ఇంజన్ ఆపేసి చాయ్ హోటల్లోకి పరుగెత్తుతున్నాను. టర్బోను నేనే చంపాననుకున్నాను. సేటు కూడా అదే అన్నాడు. టర్బో పోతే నువ్వూ పో అన్నాడు. పోతే నాకు మళ్లీ బొగ్గు లారీ మీద క్లీనరు పనే దిక్కు.

జీపును కాక ముందు పెట్టాను కానీ నా తప్పు చెప్పలేదు. ఆయన పానా ముట్టలేదు. "మొదలు చెవి, తర్వాత చెయ్యి, ఆఖరుకు పానా" అనేది ఆయన పద్ధతి. ఇంజన్ రేజ్ చేయించి కళ్లు మూసుకుని విన్నాడు. బండి చల్లారాక గాలి పైపు ఊడదీసి, చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. సాఫీగా తిరిగింది. ఊగులాట లేదు, నూనె చెమ్మ లేదు. "దీని దమ్ దీనికున్నది" అన్నాడు. పైపు మూతికి రబ్బరు బిగించి, సైకిల్ పంపుతో లోపలికి గాలి కొట్టమని నన్ను పురమాయించాడు. తాను ఇంట్లోకి వెళ్లి, చిన్నమ్మ తలస్నానానికి పిసికి పెట్టుకున్న కుంకుడు రసం గిన్నె ఎత్తుకొచ్చాడు.

"నా నెత్తి కన్న నీకు బండ్ల నెత్తే ఎక్కువాయె" అని ఆమె లోపల్నుంచి అరుస్తూనే ఉంది.

కాక పైపుల మీద నురుగు పూస్తూ పోయాడు. ఇంజన్ కిందికి వంగే చోట, క్లిప్పు చాటున నురుగు బుడబుడ పొంగింది. రబ్బరు పైపు చినిగింది. మామూలుగా చూస్తే కనబడని చీలిక, గాలి ఒత్తిడికి నోరు తెరుస్తోంది.

అప్పుడు చెప్పాను. "కాకా, గుట్టెక్కంగనే బంద్ చేసిన. వారం సంది."

"ఎరుకే. నీ మొఖం బండి కన్న ముందే చెప్పింది" అన్నాడు. చేతులు తుడుచుకుని, "నువ్వు తప్పు చేసినవు, నిజం. గానీ ఇది ఆ తప్పుతోని అయింది గాదు. ఏ తప్పును ఆ తప్పు కాడనే ఉంచాలె" అన్నాడు.

బతికిపోయాను. ఆ సాయంత్రం ఆయనే నా వెంట వచ్చి, "డ్రైవరచీ చూక్ నాహీ, శేట్" అని మరాఠీలో చెప్పాడు. డ్రైవర్ తప్పు లేదని చెప్పాడే తప్ప, నా చాయ్ పరుగుల సంగతి ఎత్తలేదు. నేనింకెప్పుడూ బండిని అలా ఆపలేదు. ఆ తర్వాత జీవితంలో ఏది చెడినా అది నా వల్లేనని ఏడవడం కూడా తగ్గింది. అందుకు ఆయనకు ఎంత మొక్కినా తక్కువే.

చివరి రోజుల్లో చూడబోతే మంచం మీద నుంచే, "నాది గూడ పైపే చినిగిందేమో, జర నురుగు పుయ్యిరా" అని నవ్వబోయి దగ్గేవాడు. చిన్నమ్మ తిడుతూ వీపు రాసేది.

కాకను నా బండిలోనే నదికి తీసుకెళ్లాం. చదును దారి, మెల్లగా నడిపాను. ఇంజన్ వేడెక్కే పనే లేదు. ఆగిన చోట నా చెయ్యి తాళం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన్ని దింపడానికి ముందు నిలబడ్డ, ఆయన మాట ఎరిగిన పాత డ్రైవర్లు ఒక్కరూ బండి తలుపు మీద చెయ్యి వేయలేదు. ఆయన వెనక పడుకుని ఉండగా, ఇంజన్ తీరికగా ఊపిరి తీసుకుంటూ ఉంది.