గుంటూరు దాకా చలిమిడి

మా పక్క వాటాలో ఉండే అమ్మాయికి మొన్న స్కానింగులో కడుపులో గడ్డ కనబడింది. అండాశయం మీద ఉందట. తీసి పరీక్ష చేస్తేగాని మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారట. "అమ్మమ్మగారూ, అప్పట్లో మీరూ ఇదే పనిమీద వెళ్ళారటగా, ఎలా వెళ్ళారు?" అని అడిగింది. బస్సులో వెళ్ళా అన్నాను. కానీ ఒక్క ముక్కతో ఆగే అలవాటు నాకు లేదు. ఇలాంటి అనుమానం ఒకటి సంచిలో పెట్టుకుని ప్రయాణం కట్టేవాళ్ళు ఇంకా ఉంటారు కదా అని, జగ్గయ్యపేట నుంచి నందిగామకీ, మర్నాడు గుంటూరుకీ నేను చేసిన ప్రయాణం రాస్తున్నా. అరవైల మొదట్లో సంగతి. ఛార్జీలు అడక్కండి, నయాపైసల లెక్కలు ఇప్పుడు మీకు పనికిరావు. దారి మాత్రం అదే: పేట, చిల్లకల్లు, నందిగామ, కీసర దగ్గర మునేరు, బెజవాడ, కృష్ణ దాటితే గుంటూరు.

అప్పటికి నాకు పాతికేళ్ళు దాటాయి, పెళ్ళై పదేళ్ళు, పిల్లల్లేరు. మా ఆయన మిరపకాయల కొట్లో గుమాస్తా. నేను ఇంట్లో మిషను పెట్టుకుని వీధిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేదాన్ని. బడికి పోయిన మనిషిని కాదు. సరుకులు కట్టిచ్చిన పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద చదువు నేర్చుకున్నా. అందుకే నాకు బోలెడు సీరియల్ కథల మధ్యభాగాలు తెలుసు. మొదలు ఎవరి బెల్లం పొట్లంతోనో పోయుండేది, చివర చింతపండుకి అంటుకుని చిరిగేది. ఇదంతా ఎందుకంటే, చివర ఏమవుతుందో తెలియకుండా కూర్చోవడం నాకు అప్పటికే కాస్త అలవాటని చెప్పడానికి.

ఆ ఏడు చలికాలంలో నా లంగా బొందు నాకే చాలడం మానేసింది. రెండు ముద్దలు తింటే కడుపు నిండినట్టుండేది. నెలనెలా రావలసింది సరిగా రావడం లేదు. ఇది మా కోటమ్మ వదిన కంటపడింది. వదినంటే మా ఆయన అక్కగారు, రెండిళ్ళ అవతల కాపురం. ఆవిడకి ఒక సంగతి తెలియడానికీ వీధికి తెలియడానికీ మధ్య వ్యవధంటూ ఉండదు. "పదేళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడు, దీనికి ఐదో నెల" అని తనే తీర్మానించేసింది. మా వైపు ఐదో నెలలో పుట్టింటివాళ్ళు సూడిదలు తెస్తారు. బియ్యం నానబోసి దంచి, ఆ తడిపిండిని బెల్లం పాకంలో కలిపి చలిమిడి చేసి, పిల్లని పీటమీద కూర్చోబెట్టి ఒళ్ళో పెడతారు. కడుపుకి చలవని. నాకు అమ్మ లేదు కాబట్టి ఆ ముచ్చటేదో తనే చేస్తానని వదిన బియ్యం నానబోసేసింది. పనిలో పనిగా, పీటమీద కూర్చునే ముందు నందిగామ ఆడ డాక్టరుకి చూపించి టానిక్కు రాయించుకొద్దామంది. ముందు డాక్టరు, తర్వాత బియ్యం అన్న వరస ఆ రోజుల్లో మా ఇళ్ళలో లేదండి.

తెల్లవారి మొదటి బస్సుకి బయల్దేరాం, నేనూ మా ఆయనా వదినా. నానిన బియ్యం పక్కింటి నాంచారమ్మ పిన్నిగారికి అప్పగించింది వదిన. బస్సు చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డెక్కితే నందిగామ ఎంతోసేపు కాదు. కోర్టు పనులవాళ్ళతో, పత్తి బేరాలవాళ్ళతో ఆ బస్సు ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది. మీరూ ఆ వేళకి వెళితే ఎక్కిన చోటే సీటు చూసుకోండి, మధ్యలో ఖాళీ అవుతుందని ఆశ పెట్టుకోకండి.

డాక్టరమ్మ నన్ను బల్లమీద పడుకోబెట్టి కడుపు పట్టి చూసింది. లోపలా చూసింది. తర్వాత చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయింది. అంతసేపు కడుక్కోవలసినంత మురికి నా దగ్గర లేదే అనుకున్నా.

"బిడ్డ కాదమ్మా" అంది. "అండాశయం మీద గడ్డ లేచింది. బాగా పెరిగింది."

"బియ్యం నానబోశానండీ!" అంది మా వదిన.

డాక్టరమ్మకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ మాటకి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది. కాస్త తేరుకుని, "రాచపుండా అండీ?" అని అడిగా. క్యాన్సరుని అప్పుడు అలాగే అనేవాళ్ళం, అదీ గొంతు తగ్గించి.

"కావచ్చు, కాకపోవచ్చు. తీసి ముక్క పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గుంటూరుకి చీటీ రాసిస్తా, రేపే వెళ్ళండి." చీటీ మా ఆయనకిచ్చి, నా వైపు తిరిగి, "కాకపోవచ్చు అని కూడా అన్నానమ్మా. మొదటి మాట ఒక్కటే పట్టుకుపోకు" అంది.

తిరుగు బస్సులో మా ఆయన డాక్టరు చీటీ మడిచి జేబులో పెట్టడం, మళ్ళీ తీసి చూడటం, అదే పని. వదిన మాత్రం చిల్లకల్లు రాగానే వేదాద్రి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి, "నరసింహస్వామీ, పిల్ల క్షేమంగా తిరిగొస్తే నీ కొండకొచ్చి తలనీలాలిస్తాం" అని మొక్కేసింది.

"ఎవరివి వదినా?" అన్నా.

"నీవే. జబ్బు నీదైతే జుట్టు నాదెందుకే?"

ఇల్లు చేరేసరికి వాకిలంతా ఆడవాళ్ళు. నేను జాకెట్లు కుట్టిన నడుములన్నీ అక్కడే ఉన్నాయి. ఆకుపచ్చ గాజులు, పళ్ళెంలో పసుపూ కుంకుమా, మధ్యలో పీట, పెద్ద గిన్నెలో చలిమిడి. బెల్లం పాకం వాసన గుమ్మం దాకా వస్తోంది. వెనక్కి తిరిగి మళ్ళీ బస్సెక్కేద్దామనిపించింది. మా వదిన అందరి ముందూ నిలబడి, దాచకుండా, నీళ్ళు నమలకుండా చెప్పేసింది. "కడుపు కాదర్రా. గడ్డ. రేపు గుంటూరు తీసుకెళుతున్నాం, కోసి తీస్తారట. మంచిదో చెడ్డదో తెలీదు."

కుంకుమ పళ్ళెం పట్టుకున్నావిడ అది మెల్లిగా కింద పెట్టేసింది. ఒకావిడ గాజుల్ని కొంగు కింద దాచబోయింది. అంతా నా మొహం తప్ప అన్నీ చూస్తున్నారు. అప్పుడు నాంచారమ్మ పిన్నిగారు, పొద్దుటినుంచీ రోలు దగ్గర దంచిన మనిషి, చేతులకి పిండితోనే లేచింది.

"అయితే ఈ చలిమిడి ఏం చెయ్యమంటావే కోటమ్మా? తడిపిండి, ఎల్లుండికి పులుస్తుంది" అంది.

"ఏం చేస్తాం పిన్నీ, పిల్లలకి పంచెయ్."

"పంచడానికా నా రెక్కలు పడిపోయేలా దంచింది? కడుపు చల్లగా ఉండాలనేగా పెట్టేది? గడ్డ ఉన్న కడుపుకి చలవ అక్కర్లేదా ఏం? కూర్చోవే రాజ్యం పీటమీద!"

"పిన్నీ, వద్దు" అన్నా.

"నీ ఇష్టమెవరడిగారే? నా జాకెట్టు చంకలో బిగుతుగా కుట్టినప్పుడు నా ఇష్టమడిగావా?"

అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వులో ఎవరో నన్ను పీటమీద కూర్చోబెట్టేశారు. వరసగా వచ్చి బొట్టు పెట్టారు, గాజులు తొడిగారు, చలిమిడి ఒళ్ళో పెట్టారు. పెళ్ళై పదేళ్ళూ ఆ పీటమీద కూర్చోవాలని ఎంత అనుకున్నానో నాకే తెలుసు. ఇలా కూర్చుంటాననుకోలేదు. అయినా చెబుతున్నా, పొద్దున నందిగామలో వచ్చిన ఏడుపు ఆ పీటమీద ఆగింది. రోగం సంగతి వీధందరికీ తెలిసింది కాబట్టి ఇక ఎవరి దగ్గరా మొహం దాచుకోనక్కర్లేదు. ఆ తేలిక ఎంతదో దాచుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

మర్నాడు గుంటూరు. మిగిలిన చలిమిడంతా వదిన ఇత్తడి డబ్బాలో సర్దింది. సంచులు నేను మోయకూడదు, వదిన చేతిలో దుప్పట్లు, కాబట్టి డబ్బా మా ఆయన ఒళ్ళోకి చేరింది. బస్సు ఎక్కగానే కండక్టరు నా కడుపు చూసి, "గర్భిణీ స్త్రీ అండీ, ముందు సీటివ్వండి" అన్నాడు.

"గర్భిణీ కాదు నాయనా, గడ్డ" అంది వదిన, వెనక సీటుదాకా వినబడేలా.

"ఏదైతేనేమమ్మా, కూర్చోవాల్సిన మనిషేగా" అని ముందు సీటే ఇప్పించాడు. ఇక అక్కణ్ణుంచి బస్సంతా మా చుట్టాలే. మిరప కోతకి పోతున్న ఒకావిడ, "మా పిన్నికీ ఇలాగే గుమ్మడికాయంత గడ్డ తీశారమ్మా" అంది.

"ఆవిడిప్పుడెక్కడుంది?" అని వదిన కాస్త జంకుతూ అడిగింది.

"ఎక్కడుంటది, మా అందరికంటే ముందే చేలో ఉంది. ఆలస్యంగా పోతే తిడతది!"

డ్రైవరు రోడ్డుమీద గుంట వచ్చినప్పుడల్లా, "అమ్మా, పట్టుకోండి" అని వెనక్కి అరిచేవాడు. ఆయన అరుపుకే ఎక్కువ ఉలిక్కిపడ్డా. మునేరు వంతెన దాటాక ఒకసారి పక్కకి చూశా. మా ఆయన ఆ డబ్బాని రెండు చేతులా పొదివి పట్టుకుని, ఒళ్ళోంచి జారకుండా, మూత తెరుచుకోకుండా, ఎంత జాగ్రత్తగా కూర్చున్నారో! గుంట వస్తే తను ఎగిరినా డబ్బాని ఎగరనివ్వడం లేదు. సూడిదలు ఒళ్ళో పెట్టుకుని గుంటూరు దాకా వెళ్ళిన మగవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశా. పైకి ఒక్క ఓదార్పు మాట అనలేదు. నాకూ ఇంకేం అడగబుద్ధి కాలేదు.

బెజవాడలో బస్సు మారి, కొత్తగా కట్టిన బ్యారేజీ మీంచి కృష్ణ దాటాం. పొద్దెక్కే వేళకి గుంటూరులో ఉన్నాం. ఆడవాళ్ళ వార్డులో నాకొక మంచం ఇచ్చారు. పక్క మంచంమీద మార్తమ్మగారని గరికపాడు దగ్గర బళ్ళో పంతులమ్మ. ఆవిడకి ఆపరేషనైపోయింది, ముక్క పరీక్ష కబురు కోసం చూస్తోంది. వదిన డబ్బా మూత తీసేసరికి నర్సు పరుగెత్తుకొచ్చి, "ఇది పురుళ్ళ వార్డు కాదమ్మా" అంది.

"తెలుసు తల్లీ. ఇక్కడ కడుపులు లేవా?" అంది వదిన.

తినొచ్చన్నవాళ్ళకి మాత్రం పెట్టమని నర్సు నిలబడి చూసింది. వదిన మంచం మంచానికీ వెళ్ళి చలిమిడి ఒళ్ళో పెట్టింది. కొందరు కొంగు పట్టారు. మార్తమ్మగారు రెండు చేతులూ చాచి తీసుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఆ తర్వాత నోట్లో వేసుకుంది. "ఏలకులు కొంచెం తక్కువయ్యాయండీ" అంది వదినతో. ఇద్దరూ ఆ సాయంత్రమంతా పాకం ముదురూ లేతా గురించి వాదించుకున్నారు. ఆ వాదన వింటూ నిద్రపోయా. ఆపరేషన్ ముందురోజు నిద్రపట్టదని అందరూ అంటారు. నాకు పట్టింది.

గడ్డ తీశారు, దాంతోపాటు ఒక అండాశయం పోయింది. కబురు రావడానికి రోజులు పట్టింది. నాది మంచి గడ్డేనని తేలింది. మార్తమ్మగారిది కాదు. ఆవిడ ఊరు కాని ఊరు వెళ్ళి కరెంటు పెట్టించుకుంది, రేడియేషన్ని అలా అనేవాళ్ళు. తర్వాత కొన్నేళ్ళు క్రిస్మస్ ముందు పేటకొచ్చి నాచేత జాకెట్టు కుట్టించుకునేది. కొలతలు తీసేటప్పుడు టేపు ఏటేటా తగ్గుతున్న సంగతి నేను పైకి చెప్పేదాన్ని కాదు, ఆవిడ అడిగేది కాదు. ఏలకుల సంగతే మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ బళ్ళో పాఠం చెబుతూ గడిపిన ఆ ఏళ్ళు అబద్ధం కావు. ఏళ్ళు తక్కువైనంత మాత్రాన కథ చిన్నదైపోదని ఆవిణ్ణి చూశాకే అనుకున్నా.

వేదాద్రి మొక్కు కూడా తీర్చాం. కొండమీద మంగలి ముందు మొదట కూర్చున్నది మా వదినే. "జబ్బు నాదిగా వదినా?" అంటే, "బియ్యం నానబోసింది నేనుగా" అంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది కత్తీ కుట్లూ కావు. ఇత్తడి డబ్బా, ముందు సీటు, పిండి చేతులు. రోగం లోపల ఏం చేస్తోందో మనకి తెలియదు, డాక్టర్లకీ వెంటనే తెలియదు. ఆ తెలియని రోజులన్నీ మనం ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. నలుగురి మధ్య పీట వేసుకుని కూర్చోండి. మీ ఇంట్లో నోరున్న మనిషెవరో చూసి వెంట తీసుకెళ్ళండి. నోరులేని మనిషి ఉంటే డబ్బా ఆయన ఒళ్ళో పెట్టండి.

ఇక ప్రయాణానికి పనికొచ్చే మాట ఒక్కటి. సంచిలో బొందు లంగాలు పెట్టుకోకండి. ఆపరేషన్ అయ్యాక నడుం దగ్గర ముడి కట్టుకోలేరు, కుట్లమీద నిప్పులు పోసినట్టుంటుంది. ముందువైపు తెరుచుకునే వదులు గౌన్లు రెండు పట్టుకెళ్ళండి. పక్క వాటా అమ్మాయికి నిన్ననే రెండూ కుట్టి ఇచ్చా. మీకు దొరక్కపోతే రండి, మిషను ఇంకా తొక్కుతున్నా. కొలతలేమీ అక్కర్లేదు, వదులుగానే కుడతా.