సొంత ఎద్దుల దొంగ

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా విడిపోయినా మాలాంటివాళ్ళం కొందరం ఇంకా మద్రాసులోనే చదువుతుండేవాళ్ళం. నాది మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే. అందులో నేర మనస్తత్వం అనే పేపరు ఎంచుకున్నాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు లేదు. మిగతా పేపర్లలో లెక్కలుంటాయని భయపెట్టారు, దీంట్లో మనుషుల కథలుంటాయన్నారు. మాది ఆదోనిలో పత్తి వ్యాపారం. అంగట్లో పుట్టినవాడికి లెక్కలంటే భయమేమిటని అడగవచ్చు. అంగట్లో పుట్టినందుకే ఆ భయం.

నా చదువు సంగతి తెలిసి ఊళ్ళో నవ్వని వాళ్ళు లేరు. "శెట్టి కొడుకు దొంగతనం సదవను పోయినాడంట" అని పత్తి మండీలో హమాలీలు కూడా అనుకునేవారు. మా అమ్మ చుట్టాలతో లాయరు చదువని చెప్పుకునేది. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ చదువేమిటో నాకే అర్థం కానప్పుడు ఇంకొకరికి ఏం చెప్పను? ఒక పుస్తకం నేరబుద్ధి పుట్టుకతోనే వస్తుందనేది. చెవులూ దవడలూ చూస్తే తెలిసిపోతుందట. ఇంకో పుస్తకం అదంతా ఉత్తదని, పేదరికమే అన్నీ చేయిస్తుందని చెప్పేది. మరొకటి తల్లి పెంపకం దగ్గరికి పోయేది. ఏది చదివితే అదే నిజమనిపించేది. అన్నీ చదివాక అద్దంలో చూసుకుంటే నాలోనే కొన్ని లక్షణాలు కనబడేవి.

వేసవి సెలవుల ముందు మా ప్రొఫెసరు ఒక పని చెప్పాడు. జైలుకు పోయివచ్చిన ఒక మనిషితో మాట్లాడి, నేరం చేసేటప్పుడు అతని మనసులో ఏముందో రాసుకుని రావాలన్నాడు. "ఏం చేశాడన్నది పోలీసులు రాస్తారు. ఏమనుకుని చేశాడన్నది మీరు రాయండి" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

ఇంటికి వచ్చి భోజనాల దగ్గర నాయనకు ఆ సంగతి చెప్పాను.

"దొంగ కోసరం యాడికో పోయేదెందుకు? మనకే ఒకడుండాడు గదా" అన్నాడు నాయన, మజ్జిగ పోసుకుంటూ.

ఆ కథ నాకు కొంత తెలుసు. నేను బీయేలో ఉండగా నాయన మా పత్తి బండికోసం ఎమ్మిగనూరు పశువుల సంతలో ఒక జత ఎద్దుల్ని బేరం చేశాడు. దళారి మధ్యలో ఉండి బేరం కుదిర్చాడు. నాయన బయానా ఇచ్చి, భోజనానికని ఆ ఊళ్ళోనే ఉన్న చుట్టాలింటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి ఎద్దులూ లేవు, అమ్మినవాడూ లేడు. మర్నాడు పోలీసులు నందవరం అవతల ఒక పల్లెలో ఎద్దుల్నీ రైతునూ పట్టుకున్నారు. బయానా డబ్బు అతని తువ్వాలు కొసన ముడివేసి ఉంది. ఇంతకంటే రుజువేం కావాలి? కోర్టు ఆర్నెల్లు శిక్ష వేసింది. మిగతా సొమ్ము నాయన కోర్టు ద్వారా కట్టి ఎద్దుల్ని తెచ్చుకున్నాడు. ఒకరి సొమ్ము పైసా ఉంచుకునే మనిషి కాదు మా నాయన. ఆ ఎద్దులే ఇంకా మా బండి లాగుతున్నాయి.

"పోయి అడుగు" అన్నాడు నాయన. "అమ్మి, దుడ్లు తీసుకొని, మళ్ళీ ఎందుకు తోలుకొనిపోయినావని అడుగు. నాకూ తెలుసుకోవాలనే ఉండాది."

ఎమ్మిగనూరుదాకా బస్సు, అక్కడినుంచి నందవరానికి ఇంకో బస్సు, ఆ పైన నడక. నేను పోయేసరికి ఆ రైతూ భార్యా అరుగుమీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నారు. నేను ముందు ఆయన చెవులు చూశాను. మామూలు చెవులే. వయసు మా నాయన ఈడు ఉంటుంది. ఆదోని నుంచి వచ్చానని, ఫలానా శెట్టి కొడుకునని చెప్పాను. తిడతాడేమో, తరుముతాడేమో అనుకున్నాను.

"ఎద్దులు బాగుండాయా?" అన్నాడు.

బాగున్నాయన్నాను.

"ఎర్రది మేత సరింగ తింటాందా?"

తింటోందన్నాను. అప్పుడు కూర్చోమన్నాడు. ఆయన భార్య నా ముందు కూడా ఇన్ని కాయలు పోసింది. ఒలుస్తూనే ప్రశ్నలు మొదలుపెట్టాను. చిన్నప్పుడు మీ నాయన కొట్టేవాడా అని అడిగితే, "కొట్టకుండా ఎవురు సాకుతారప్పా?" అన్నాడు. చిన్నతనంలో దొంగతనాలు చేశారా అంటే, "ఊరోళ్ళ సేన్లల్లో రేగ్గాయలు కోసుకుంటిమి. అది లెక్కకొస్తాదా?" అని నన్నే అడిగాడు. లెక్కకు వస్తుందో రాదో నాకు తెలియలేదు. చివరికి అసలు ప్రశ్న అడిగాను. ఎద్దుల్ని తోలుకుపోయేటప్పుడు మనసులో ఏమనుకున్నారు?

"ఆకలైతాందనుకున్నా. ఇంటికి పోయి ఇంత సంకటి తిని పండుకోవాలనుకున్నా."

"అది కాదన్నా. అమ్మిన ఎద్దులు కదా అని అనుకోలేదా?"

ఆయన ఒలవడం ఆపి నా మొహంలోకి చూశాడు. "యాడ అమ్మినానప్పా? పలుపు మార్సలేదు గదా."

నాకు అర్థం కాలేదని ఆయనకు అర్థమైంది. నిదానంగా చెప్పాడు. పలుపంటే ఎద్దు మెడకు కట్టే తాడు. ఆ పల్లెల్లో రైతు ఎద్దును అమ్ముతాడు కానీ పలుపును అమ్మడు. పలుపు కూడా పోతే ఇంట్లో లక్ష్మి దాంతోపాటే పోతుందని నమ్మకం. కొన్నవాడు తన పలుపు తెచ్చి ఎద్దుకు కట్టాలి. అప్పుడు అమ్మినవాడు తన పలుపు విప్పుకుని ఇంటికి పోతాడు. అంతవరకూ బేరం మాటే కానీ ఎద్దు చేతులు మారినట్టు కాదు. దీపాలు పెట్టాక పలుపు మార్చకూడదు కూడా. ఆ రోజు ఆయన దీపాలు పెట్టేదాకా చూశాడట. మా నాయన అక్కడ చుట్టాలింట్లో బొబ్బట్లు తిని నిద్రపోయాడు.

"శెట్టికి మనసు మారిందేమోనని అనుకుంటిమి. పక్కనోళ్ళు కూడా అదే అనిరి. బయానా వచ్చే సంతలో ఇచ్చేద్దామని ముడేసుకొని పెట్టుకుంటి."

"ఇదంతా కోర్టులో చెప్పలేదా?"

"సెప్పినా. ఆ దొర యా ఊరాయనో, పలుపు సంగతి ఎందుకు, అడిగినదానికి సెప్పు అన్నాడు. బయానా తీసుకున్నావా అన్నాడు. తీసుకున్నా అన్నా. ఎద్దులు తోలుకుపోయినావా అన్నాడు. ఔనన్నా. అబద్దం సెప్పల్యాను గదా."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది ఆయన పని. ఇక జైలునుంచి వచ్చాక సంగతి ఆయన భార్య చెప్పింది. పోలీసులు ఆయన్ను కేడీల్లో రాసుకున్నారు. చుట్టుపక్కల ఎవరి ఎద్దు తప్పిపోయినా ముందు ఈయన్నే స్టేషనుకు పిలుస్తారు. సంతకు పోతే ఏ దళారీ దగ్గరికి రానివ్వడు, ఎద్దులు కొంటానన్నా అమ్మరు. అందరి విత్తనాలూ అయ్యాక ఎవరి ఎద్దులనో అడుక్కుని విత్తుకోవాలి. అప్పటికి నేలలో పదును ఆరిపోతుంది. పోయినేడు శనక్కాయ సగం కూడా మొలవలేదట.

"మీ నాయన టేషన్లో ఒక్క మాట సెప్తే ఆ పేరు కొట్టేస్తారంటప్పా" అన్నాడాయన. "వానలు పడేలోపల సెప్తే ఈ ఏడన్నా పదునులో ఇత్తుకుంటా."

చెప్పిస్తానన్నాను. అంత గట్టిగా ఎలా అన్నానో నాకు తెలియదు.

ఇంటికి వచ్చి నాయనకు అంతా చెప్పాను. "పలుపా?" అన్నాడు నాయన. మేము తరతరాలుగా అంగట్లో కూర్చునే వాళ్ళం. ఎద్దుల్ని కొనడం నాయనకు అదే మొదలు. ఆ తరువాత ఆయనకు ఒకటి గుర్తుకొచ్చింది. కోర్టు ఆవరణలో ఎద్దుల్ని అప్పగించేటప్పుడు ఆ రైతు పోలీసును బతిమాలుకుని రెండు తాళ్ళూ విప్పి భార్య చేతికిచ్చాడట. "జైలుకు పోయేవాడు తాళ్ళు ఇప్పుకునేదేంది, పిచ్చోడని అనుకున్నా" అన్నాడు నాయన. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడే వకీలు దగ్గరికి పోయాం. వకీలు విని తల అడ్డంగా ఊపాడు. దొంగ అని ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పారు, ఇప్పుడు కాదంటే అప్పటిది అబద్ధమా అంటారు, కేసు మీ మీదికే తిరగవచ్చు, జైలు పడినా పడుతుంది అన్నాడు. నాయన అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. బయటికి వచ్చి మెట్లమీద నిలబడి నన్ను అడిగాడు.

"నీ సదువు ఏమంటాదిరా? ఆయప్ప దొంగనా?"

"కాదు నాయనా."

"అయితే నేను అబద్దం సెప్పినానా?"

"నువ్వూ చెప్పలేదు."

"ఇద్దరమూ తప్పు చేయకుంటే ఒకడు జైలుకెట్ల పోయినాడు?"

నేను చదివిన పుస్తకాలన్నింటినీ మనసులోనే తిరగేశాను. వాటన్నింట్లోనూ ముందు ఒక నేరస్థుడు ఉంటాడు, తరువాత అతని గురించి ఆలోచన. ఇక్కడ శిక్ష ఉంది, శిక్ష పడిన మనిషి ఉన్నాడు, నేరం ఎంత వెతికినా కనపడలేదు. నాయన స్టేషనుకు పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. రోజూ పొద్దున ఆకాశం చూసేవాడు. మబ్బులు పడుతున్నాయి. నేను మద్రాసుకు తిరిగి పోవలసిన రోజు దగ్గరికి వచ్చింది. ఆ రైతుకు మాటిచ్చాను కాబట్టి, ఉన్న సంగతి చెప్పి పోదామని మళ్ళీ నందవరం బస్సెక్కాను.

అంతా చెప్పాను, వకీలు అన్న మాటతో సహా. ఆయన అడ్డం రాకుండా విన్నాడు.

"మీ నాయనను లోపలేస్తారా?"

"వేసినా వేస్తారని వకీలు భయం."

"ఎన్నాళ్ళు?"

"ఏమో అన్నా. ఆర్నెల్లు వేసినా వేయవచ్చు."

"ఆర్నెల్లే గదప్పా" అన్నాడాయన. "నేను పోయి రాలేదా?"

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. కొత్త ఊరికి పోయేవాడికి దారి చెప్పే మనిషిలాగా ఇంకా చెప్పుకుపోయాడు. రెండు పూటలా సంకటి పెడతారు, పండుకొనేకి చాప ఇస్తారు, పెద్దోళ్ళకు బరువు పని చెప్పరు, మీ నాయనకేమీ కాదు అన్నాడు. మా నాయన జైల్లో చాపమీద పడుకోవడం నా కళ్ళముందు కనబడి నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు ఒక్కటీ దొరకలేదు. నేను ఏమంటానా అని ఆయనా భార్యా ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఈయన నిజంగానే దొంగై ఉంటే ఎంత బాగుండేదని నాకనిపించింది.