ఆయమ్మకీ టీచర్‌కీ ఒకటే క్లిప్పు

ఇవాళ వన్ టౌన్‌లో ముత్యాల క్లిప్పుల అట్ట చూసి అలాగే నిలబడిపోయాను. గుర్తుందా ఫ్రెండ్స్, అట్ట మొత్తం కొనాల్సిందే, విడిగా ఇవ్వరు!

మూడో తరగతిలో క్రిస్మస్‌కి మా టీచర్ కోసం ఒక్క క్లిప్పు కొనబోయి అమ్మ డజను కొంది. రోజూ మా క్యారేజీల మూతలు తీసిపెట్టే ఆయమ్మ మరియమ్మకీ ఒకటి ఇస్తానన్నాను.

"ఇద్దరికీ ఒకటే ఇస్తే టీచర్ గారు చిన్నబుచ్చుకుంటారు రా!" అంది అమ్మ. అయినా ఇచ్చేశాను.

క్రిస్మస్ ప్రోగ్రాం రోజు టీచర్ గారు ఆయమ్మ కొప్పు వంక చూశారు. నేను తెర చాటుకి నక్కాను.

"నాది జారిపోతోంది మరియమ్మా, నీలాగే గట్టిగా పెట్టవూ?" అన్నారు వెనక్కి తిరిగి.

ఆ రోజు నాటికలో నాది గొర్రె వేషం. అంత ఠీవిగా నడిచిన గొర్రెను బెత్లెహేము మళ్లీ చూసి ఉండదు.