అప్పలనరసమ్మ ఎడమకాలు

నర్సీపట్నంలో పెద్దమనుషులందర్నీ తన్నిన ఆడది అప్పలనరసమ్మ ఒక్కతే. తల్లి కడుపులోంచి ఆమె కాళ్లు ముందు పెట్టి వచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. ఆదివారం పొద్దున్నే హెడ్మాస్టర్లూ గుమాస్తాలూ ఆమె గడప ముందు బోర్లా పడుకునేవాళ్లు. ఎడమ మడమతో మూడు తన్నులు తన్ని, లేచి సర్దుకోమనేది. మిగతా వారమంతా చింతపండు షెడ్డులో పండు కొట్టి పిక్కలు తీసుకునేది. ఎవరికీ జడిసే మనిషి కాదు.

డెబ్బయ్ తొమ్మిది వేసవిలో మెడికల్ కాలేజీ ఆఖరి సంవత్సరం కుర్రాళ్లం పన్నెండుమందిమి అక్కడ ఒక రైసుమిల్లు గోడౌన్లో వైద్యశిబిరం పెట్టాం. జ్వరాలవాళ్లంటే మాకు జాలి. పాముకాటంటే హుషారు. నడుంనొప్పి అంటూ వచ్చేవాడంటే మాత్రం ఒళ్లుమంట. చూపించడానికి పుండుండదు, గాయముండదు, ఉన్నదల్లా మూలుగే. అది పని ఎగ్గొట్టే రోగమని మాలో మేమే తేల్చేసుకున్నాం. వరసలో అలాంటివాడు కనపడితే 'వచ్చాడ్రా నటుడు' అని నవ్వుకునేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

గంగులు కొండ మీంచి కావిడితో చింతపండు దింపేవాడు. ఏడాదిగా నడుంనొప్పి. రెండుసార్లు వస్తే మాత్రలిచ్చి తరిమాను. మూడోసారి పరీక్ష పెట్టాను. నా పెన్ను కింద పడేసి తియ్యమన్నాను. నడుం ఇసుమంతైనా వంచకుండా, మోకాళ్లు మడిచి నిటారుగా గొంతుక్కూర్చుని తీసిచ్చాడు. తియ్యగలిగాడు కదా, దొంగేనన్నాను. అలా తియ్యడమే వెన్నెముక క్షయకి గుర్తని మా పుస్తకంలో ఉంది. ఆ ప్రశ్నకి జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ని. థూ, నా చదువు.

గంగులు అప్పలనరసమ్మ దగ్గరికి పోయి పడుకున్నాడట. ఆమె నడుం తడిమి చూసి కాలు వెనక్కి తీసుకుంది. జన్మలో ఆమె తన్ననన్నది ఆ ఒక్కణ్నే. వాణ్ని చెయ్యి పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరికే తీసుకొచ్చింది.

"ఇది పట్టు కాదు బాబూ. లోన ఎముక కుళ్లిపోతంది. దీన్ని తన్నకూడదు. బేగి పెద్దాసుపత్రికి పంపండి."

పిక్కలు కొట్టుకునే ఆడది నాకు వైద్యం చెప్పడం! మావాళ్లు నావైపు చూసి నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు తన్నకపోతే నేను తంతానని, గంగుల్ని నేలమీద బోర్లా తోసి బూటుకాలితో నడుం మీద ఒక్కటి తన్నాను. లోపల ఏదో పుటుక్కుమంది. వాడు లేవబోతే చేతులు కదిలాయి గాని కాళ్లు కదల్లేదు. పంచె తడిసిపోయింది. అప్పలనరసమ్మ నా జుట్టు పట్టుకుని తల బల్లకేసి కొట్టింది. నలుగురు లాగితే గాని వదల్లేదు.

గంగుల్ని జీపులో విశాఖపట్నం పంపేశాం. మూడోరోజు వాడి అన్న మత్స్యరాజు కొండ దిగాడు. తన్నితే తమ్ముడి నడుం విరిగిందని బజారులో ఎవరో చెప్పారు. తన్నడమంటే ఆ ఊళ్లో గుర్తొచ్చేది ఒక్క మనిషే. తిన్నగా షెడ్డుకి పోయి అప్పలనరసమ్మని వీధిలోకి ఈడ్చాడు. నేను ఎదురు టీకొట్లో ఉన్నాను. తన్నింది తను కాదనీ, అదుగో ఆ డాక్టరు బాబనీ ఆమె చెయ్యెత్తి నన్ను చూపించింది. వాడు నావైపు చూశాడు. నా మెడలో స్టెతస్కోపుంది.

"డాక్టర్లు సూదులేత్తారు. తన్నడం నీ పని," అన్నాడు.

కావిడిబద్ద ఎత్తి ఆమె ఎడమకాలి మీద కొట్టాడు. నాలుగు దెబ్బలు. రెండో దెబ్బకే ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. నేను టీగ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒక్క మాట చాలు, ఆ బద్ద ఆగిపోయేది.

ఆమెని బల్లచెక్క మీద నా దగ్గరికే మోసుకొచ్చారు. కడిగి, ఎముక సర్ది, కట్టు కట్టాను. పళ్లు బిగించి పడుకుంది. చివర్న ఒక్కటే అడిగింది, గంగులు కాళ్లు వస్తాయా అని. రావన్నాను.

"అయితే ఎల్లి సెప్పు. ఆడి అన్న గుమ్మంలోనే కూకున్నాడు."

బయటికి వెళ్లాను. మత్స్యరాజు బద్ద మోకాళ్ల మీద పెట్టుకుని ఏడుస్తున్నాడు. నన్ను చూడగానే లేచి, బద్ద కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"మా తమ్ముడికి తమరే దిక్కు బాబూ."

తల ఊపి, జీపెక్కాను.